కోడి కాలి మీద మచ్చ

ఆదివారం పొద్దున చికెన్ షాపు ముందు నిలబడితే అందరి కళ్లూ కాటా మీదే ఉంటాయి. నేను ఈమధ్య కాళ్లు చూడటం మొదలుపెట్టాను. కోడిని డ్రమ్ములోంచి తీశాక ముందు తెగేవి అవే, పక్కనున్న బకెట్లో పడతాయి. స్కిన్‌లెస్ కోసం నిలబడ్డవాళ్లెవరూ అటు చూడరు. ఈసారి ఒక పాదాన్ని తిరగేసి చూడండి. అరికాలి మధ్యలో నల్లగా, పెచ్చు కట్టినట్టు ఒక మచ్చ కనిపించవచ్చు. ఈకలు మొదలయ్యే కీలు దగ్గర కూడా ఒక్కోసారి గోధుమరంగు మరక ఉంటుంది. మనం మోకాలు అనుకునే ఆ కీలు నిజానికి కోడి మడమ.

అది కాలిన గాయమే. కాకపోతే నిప్పుతో కాదు, అమ్మోనియాతో.

బ్రాయిలర్లను, మన నోటి మాటలో బాయిలర్ కోళ్లను, బోనుల్లో పెంచరు. బోనులు గుడ్లు పెట్టే కోళ్లకు. వీటిని షెడ్డులో నేల మీద వరి ఊక పరిచి వదులుతారు, కోడికి సుమారు ఒక చదరపు అడుగు లెక్కన. పిల్లల్ని దింపిన రోజు పరిచిన ఊక మీదే బ్యాచ్ ఎత్తేదాకా తిండీ, నిద్రా, రెట్టా. రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. ఊక పొడిగా ఉన్నన్నాళ్లూ పెద్ద ఇబ్బంది ఉండదు. కోళ్లు నీళ్లు తాగే గొట్టానికున్న నిపుల్ కారినా, వాన జల్లు లోపలికి కొట్టినా ఊక ముద్దయిపోతుంది. ఆ తడిలో సూక్ష్మజీవులు యూరిక్ ఆమ్లాన్ని అమ్మోనియాగా మార్చేస్తాయి. షెడ్డులో అడుగు పెట్టగానే కళ్లు మండేది అందుకే. మనం రెండు నిమిషాల్లో బయటికొచ్చేస్తాం.

తడి ఊక మీద నాటుకోడిని వదిలితే అటూ ఇటూ తిరుగుతుంది. బ్రాయిలర్ చివరి వారాల్లో రోజులో ఎక్కువసేపు కూర్చునే ఉంటుంది, దాని ఒళ్లు దానికే బరువు. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో 1957, 1978, 2005 నాటి కోళ్ల రకాలను ఒకే దాణాతో పక్కపక్కనే పెంచి చూశారు. 56 రోజులకు 1957 రకం 905 గ్రాములు తూగింది, 1978 రకం 1,808 గ్రాములు, 2005 రకం 4,202 గ్రాములు! దాణా ఒకటే, మారింది జన్యువులు. హార్మోన్ సూదులు వేసి పెంచుతారని వాట్సాప్‌లో తిరిగే కథకు ఇది చాలు. అయినా షెడ్డులో వేల కోళ్లుంటే ఒక్కోదాన్నీ పట్టుకుని సూది వేసే తీరిక ఏ రైతుకుంది? బాగా తినేవాటిని, రొమ్ము కండ బాగా పట్టేవాటిని తరతరాలుగా ఏరుతూ వచ్చారు, అంతే. షాపుకొచ్చే రెండు కేజీల కోడికి ఆరు వారాలు నిండటం కూడా అరుదు. అంటే ఇంకా పిల్లే. కండ పెరిగినంత వేగంగా గుండె, కాళ్లు గట్టిపడవు. రొమ్ము ముక్క మీద నిలువునా సన్నటి తెల్ల చారలు కనిపిస్తే, అక్కడ కండ పోగులు దెబ్బతిని కొవ్వు చేరిందన్నమాట.

నాకు మింగుడుపడనిది దీని తల్లి సంగతి. తల్లిదీ అదే జాతి, అదే ఆకలి. కడుపునిండా పెడితే ఒళ్లొచ్చి గుడ్లు సరిగా పెట్టదు. అందుకని పిల్లల కోసం గుడ్లు పెట్టించే బ్రీడర్ ఫారాల్లో దానికి దాణా కొలిచి, తక్కువగా పెడతారు. పిల్ల తిని తిని కూలబడుతుంది, తల్లి అర్ధాకలితో బతుకుతుంది. కోడిని ఎలా కోశారన్న దాని మీద గంటలకొద్దీ వాదించుకుంటాం గానీ ఈ తల్లి మాట ఎవరూ ఎత్తరు.

మందుల విషయంలో ఒక మంచి పని జరిగింది. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకునే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా 2019 జులైలో కేంద్రం నిషేధించింది.

మరి నాటుకోడి తింటే సరిపోతుందా? పెరట్లో పెంచుకోవడానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ అనే రకాలు తయారుచేసింది. అవి తిరుగుతాయి, పురుగులు ఏరుకుంటాయి, దుమ్ములో పొర్లుతాయి. కానీ నెమ్మదిగా పెరిగే కోడికి కిలో మాంసానికి దాణా ఎక్కువ పడుతుంది, ఆ మేరకు మొక్కజొన్న, సోయా, నేల, నీళ్లు కూడా. పైగా నాటుకోడి అని బోర్డు పెట్టి అమ్మేవన్నీ పెరట్లో తిరిగినవి కావు. మా ఇంట్లో వారం వారం కూరను నెలకు రెండుసార్లు చేసి, తెలిసినవాళ్ల దగ్గర కొంటున్నాం. ఖర్చు దాదాపు అంతే అవుతోంది, పిల్లల గొణుగుడు మాత్రం అదనం.

రైతును తిట్టి లాభం లేదు. కాంట్రాక్టు పద్ధతిలో పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, కూలి, ఊక రైతువి. ఎంత దాణాకు ఎంత బరువొచ్చింది, ఎన్ని చచ్చాయి అని చూసి కిలోకింత అని కట్టిస్తారు. తడిసిన ఊక తీసి కొత్తది పోస్తే ఖర్చు ఆయనది, మచ్చ లేని కాలికి ఒక్క రూపాయి ఎక్కువ రాదు. స్వీడన్‌లో 1990ల నుంచి కబేళాలోనే పాదాలు చూసి మార్కులు వేస్తున్నారు. మచ్చలు ఎక్కువైతే ఆ రైతు తర్వాతి బ్యాచ్‌లో కోళ్ల సంఖ్య తగ్గించాల్సిందే. అక్కడ కాలు లెక్కలోకి వచ్చింది. మన షాపులో అది ఇంకా బకెట్లోనే పడుతోంది.