తోకచుక్క ఫోటోకు పెద్ద టెలిస్కోపే కావాలా? అపోహలు - వాస్తవాలు

కొత్త తోకచుక్క వార్త పేపర్లో పడగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. ఎక్కువ మంది అడిగేది ఒకటే: "అన్నా, ఎంత పెద్ద టెలిస్కోపు కొనాల?" తిరుపతిలో డాబా మీద నుంచి ఆకాశం ఫోటోలు తీసేవాడిగా ముందు ఈ సంగతే తేలుస్తాను. జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

అపోహ: జూమ్ ఎంత ఎక్కువుంటే ఫోటో అంత బాగా వస్తుంది.

వాస్తవం: అట్టపెట్టె మీద రాసే 675 రెట్లు అన్న అంకెకూ ఫోటోకూ సంబంధమే లేదు. కన్ను పెట్టి చూసే అద్దం, అంటే ఐపీస్ తీసేసి అక్కడ కెమెరా బిగిస్తాం. ఇక లెక్కంతా ఫోకల్ లెంగ్త్‌ది (లెన్స్ మీద ఎంఎంలలో రాసే అంకె; అది పెరిగేకొద్దీ ఫ్రేములో పట్టే ఆకాశం తగ్గుతుంది), కెమెరా సెన్సర్‌ది. 1200 ఎంఎం టెలిస్కోపుకు ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు సెన్సర్) కెమెరా తగిలిస్తే ఫ్రేములో పట్టేది ఒక డిగ్రీ, అంటే రెండు నిండు చందమామల వెడల్పు. పెద్ద తోకచుక్క తోకే పది డిగ్రీలు దాటొచ్చు! అదే కెమెరాకు 135 ఎంఎం లెన్స్ పెడితే తొమ్మిది డిగ్రీలకు పైగా పడుతుంది.

పైగా తోకచుక్క నక్షత్రాల మధ్య జరుగుతూ ఉంటుంది. 2023 ఫిబ్రవరి మొదట్లో జడ్‌టీఎఫ్ అనే తోకచుక్క రోజుకు దాదాపు ఆరు డిగ్రీలు జరిగింది. అలాంటప్పుడు 1200 ఎంఎం దగ్గర నిమిషం ఎక్స్‌పోజర్ ఇస్తే, మౌంట్ (టెలిస్కోపును మోసి తిప్పే స్టాండు) నక్షత్రాలను ఎంత బాగా ట్రాక్ చేసినా తోకచుక్క తల ఇరవై పిక్సెళ్ల దాకా సాగిపోతుంది. 135 దగ్గర రెండు మూడే. అందుకే చిన్న ఎక్స్‌పోజర్లు చాలా తీసి, సిరిల్, డీప్‌స్కైస్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి (స్టాక్ చేసి), ఒకసారి నక్షత్రాలు, ఇంకోసారి తల కదలకుండా సరిచూసి, రెండూ కలుపుతాం.

2024 అక్టోబరులో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క పడమట కనిపిస్తున్నప్పుడు చిత్తూరు నుంచి డిగ్రీ చదివే ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. ఈఎంఐ మీద ఎనిమిదంగుళాల టెలిస్కోపు బుక్ చేయబోతున్నాడు. మాటల్లో వాళ్ల మామ పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడని తెలిసింది. ఆ కెమెరా, 85 ఎంఎం లెన్స్, ట్రైపాడ్ అడిగి తెచ్చుకో అన్నాను. వాన తెరిపిచ్చిన ఓ సాయంత్రం భాకరాపేట దాటి వెళ్లాం. ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ లేదు, రెండేసి సెకన్ల ఎక్స్‌పోజర్లే. తలా తోకా ఒకే ఫ్రేములో కనబడగానే వాడు అక్కడికక్కడే మామకు ఫోన్ కలిపాడు. పక్కన నా టెలిస్కోపులో తల మాత్రమే పడింది. ఆ తల అందం వేరే, కానీ వాడు కోరుకున్నది తోక.

ఇప్పటికే టెలిస్కోపు కొన్నవాళ్లు దిగులు పడొద్దు. నక్షత్రాల వెంట తిరిగే ఈక్వటోరియల్ మౌంట్ ఉంటే, టెలిస్కోపు ట్యూబు మీదే లెన్స్‌తో సహా కెమెరా ఎక్కించండి. ఆ మౌంట్ ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టాలి, కానీ మన దగ్గర అది పదమూడున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అలిపిరి వైపు ఇళ్లకైతే కొండే అడ్డం. అందుకే వేరే నక్షత్రాలు పక్కకు జరిగే తీరు చూసి గురి సరిచేసే డ్రిఫ్ట్ అలైన్‌మెంట్ నేర్చుకోక తప్పదు.

అపోహ: ఫోటోల్లో తోకచుక్క తలకు ఉండే ఆకుపచ్చ రంగు ఎడిటింగ్‌లో వేసింది.

వాస్తవం: తలలోని డైకార్బన్ (రెండు కార్బన్ అణువుల జంట) ఎండకు వెలిగే రంగు అది. తోకలోకి చేరేలోపే ఎండకు విడిపోతుంది. తోక కూడా పచ్చగా ఉంటే అప్పుడు అనుమానించండి.

అపోహ: తోకచుక్క అరిష్టం, వచ్చి భూమిని గుద్దుతుంది.

వాస్తవం: 2025లో 3ఐ/అట్లాస్ అనే తోకచుక్క మీద వాట్సాప్‌లో ఎన్ని అబద్ధాలు తిరిగాయో! మా వీధి పెద్దమ్మ ఒకామె మనవరాలి ముహూర్తం మార్చాలా అని టెన్షన్‌తో అడిగింది. మనకు సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్లలో ఉంటే, ఆ తోకచుక్క బాగా దగ్గరికొచ్చిన డిసెంబరు 19న కూడా 27 కోట్ల దూరంలో ఉంది. ఆమె భయం నాకు అర్థమవుతుంది. ఆ వీడియోలు చేసేవాళ్లనే క్షమించలేను.

నిజంగా భయపడాల్సింది ఒకటుంది. బాగా వెలిగే తోకచుక్కలు చాలావరకు సూర్యుడి దాపునే ఉంటాయి. పొద్దు పూర్తిగా గుంకాకే టెలిస్కోపు పడమటికి తిప్పండి. ఫిల్టర్ లేకుండా సూర్యుడు అందులో పడితే కన్నూ పోతుంది, సెన్సరూ పోతుంది.