సెకండ్‌హ్యాండ్ డిజిటల్ రైలింజన్: కరెంటు ఇచ్చే ముందు తెలియాల్సిన అపోహలు – వాస్తవాలు

తిరుపతిలో ఎలక్ట్రానిక్ రిపేర్లు చేస్తాను. మోడల్ రైలింజన్లు నా బల్ల మీదికి ఎక్కువగా కాలిపోయాకే వస్తాయి. ఆన్‌లైన్‌లో కొన్నవో, విదేశాల్లో ఉన్న బంధువులు ఇచ్చినవో అయ్యుంటాయి. వాటిలో చాలావాటిని పాత యజమాని విప్పి, సొంతంగా డీకోడర్ (పట్టాల కరెంటులో వచ్చే డిజిటల్ ఆదేశాలను చదివి మోటార్‌ను, లైట్లను నడిపే చిన్న బోర్డు) బిగించి ఉంటాడు. అలాంటి ఇంజన్‌ను పట్టాల మీద పెట్టడానికి ముందే పరీక్షించాలి.

అపోహ: అమ్మినాయన పంపిన వీడియోలో బాగా నడిచింది, ఇంకేం చూడాలి?

వీడియోలో ఇంజన్ నడిచేది కనిపిస్తుంది, ఏ కరెంటు మీద నడుస్తోందో కనిపించదు. డీకోడర్ తీసేసి, పట్టాలను మోటార్‌కు నేరుగా కలిపే డమ్మీ ప్లగ్ పెట్టినా మామూలు డీసీ మీద చక్కగా నడుస్తుంది. డిజిటల్ పట్టాల్లో, అదే డీసీసీలో, ఇంజన్ ఆగి ఉన్నా దాదాపు 14–16 వోల్టులు ఉంటాయి, సెకనుకు వేలసార్లు దిశ మారుతూ. డీకోడర్ లేని మోటార్‌కు అది నేరుగా తగిలితే కదలకుండానే వేడెక్కుతుంది.

అపోహ: డీకోడర్ కాలిందంటే అది నాసిరకమే.

నేను చూసినవాటిలో ఎక్కువ కాలింది మోటార్‌ను చట్రం నుంచి విడదీయకపోవడం వల్లే. పాత డీసీ ఇంజన్లు కొన్నింటిలో మోటార్ బ్రష్ (మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్క) ఒకటి లోహపు చట్రానికే తగిలి ఉంటుంది, ఆ చట్రం ఒకవైపు చక్రాలకు కలిసి ఉంటుంది. డీసీలో దానితో ఇబ్బంది లేదు. డిజిటల్‌లో మాత్రం పట్టాల కరెంటు డీకోడర్‌లోకే రావాలి, అక్కడి నుంచే మోటార్‌కు పోవాలి. మధ్యలో ఇంకెక్కడ కలిసినా డీకోడర్ క్షణంలో పోతుంది.

పరీక్షకు మల్టీమీటర్ చాలు. డీకోడర్ ప్లగ్ పీకేయండి. వైర్లు నేరుగా సోల్డర్ చేసి ఉంటే మోటార్‌కు వెళ్లే రెండింటినీ విప్పండి. మీటర్‌ను కంటిన్యుటీలో (రెండు చోట్లు కలిసి ఉంటే బీప్ ఇచ్చే సెట్టింగ్‌లో) పెట్టి ఒక్కో బ్రష్‌కూ కుడి చక్రాలకూ, తర్వాత ఎడమ చక్రాలకూ మధ్య చూడండి. నాలుగింటిలో ఎక్కడా బీప్ రాకూడదు. పైకవర్ బిగించి మళ్లీ చూడండి. బిగించేటప్పుడు నలిగిన వైరు ఒక్కటి చాలు, పనంతా పాడవుతుంది.

అపోహ: వైర్ల రంగులు ప్రమాణం ప్రకారమే ఉంటాయి.

ప్రమాణమైతే ఉంది. ఎరుపు, నలుపు పట్టాలకు. నారింజ, బూడిద మోటార్‌కు. తెలుపు, పసుపు ముందూ వెనకా లైట్లకు. నీలం లైట్లన్నింటికీ ఉమ్మడి పాజిటివ్. కానీ ఇంట్లో మార్చినవాడు చేతికి దొరికిన వైరు వాడతాడు. చిత్తూరు కుర్రాడొకడు తెచ్చిన ఇంజన్‌లో నారింజ వైరు పట్టాలకు వెళ్తోంది. "రంగు చూసే కలిపినాను అన్నా" అన్నాడు. తప్పు అతనిది కాదు. ప్రతి వైరూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీటర్‌తో వెతికి కాగితం మీద రాసుకోవాలి. ఎనిమిది పిన్నుల ప్లగ్‌ను తిరగేసి పెడితే మాత్రం భయం లేదు: లైట్లు వెలగవు, బండి వెనక్కి పోతుంది, అంతే.

అపోహ: సీవీలు, అంటే డీకోడర్‌లో దాచిన సెట్టింగులు, చదవలేకపోతే అది చచ్చిపోయినట్టే.

ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు చదవడానికి, మార్చడానికి తక్కువ కరెంటుతో విడిగా ఉండే పట్టా ముక్క) మీద డీకోడర్ జవాబు చెప్పేది సాధారణంగా మోటార్ ద్వారానే. కనీసం 60 మిల్లీఆంపియర్లను దాదాపు 6 మిల్లీసెకన్లు లాగుతుంది, పట్టాలకు కరెంటూ ఆదేశాలూ ఇచ్చే కంట్రోలర్ దాన్ని గుర్తిస్తుంది. మోటార్ వైరు ఊడినా, చక్రాలకు మురికి పట్టినా, కరెంటు తెగినప్పుడు ఆదుకునే కెపాసిటర్ పెట్టినా ఆ జవాబు అందకపోవచ్చు. ముందు చక్రాలు తుడవండి. చదవడం కుదరకపోయినా రాయడం కుదురుతుంది. సీవీ 8లో 8 రాస్తే చాలా కంపెనీల డీకోడర్లు రీసెట్ అయి, చిరునామా (కంట్రోలర్ ఇంజన్‌ను పిలిచే నంబరు) 3కి వస్తాయి. చదవగలిగితే మాత్రం ముందు సీవీలన్నీ రాసుకోండి. పాత యజమాని చిన్న బల్బులను సీవీతో మందగింపజేసి ఉంటే, రీసెట్ తర్వాత పూర్తి వోల్టేజీకి అవి మాడిపోతాయి.

డీసీ మీద కదలకపోయినా కంగారు వద్దు. సీవీ 29లో అనలాగ్ (మామూలు డీసీ మీద నడవడం) ఆపేసి ఉండొచ్చు.

అపోహ: మెయిన్ ట్రాక్‌లో షార్ట్ రక్షణ ఉంది, అదే కాపాడుతుంది.

ఆ రక్షణ కంట్రోలర్ కోసం. అది తెగడానికి కొన్ని ఆంపియర్లు పారాలి, అప్పటికే చిన్న డీకోడర్ పోతుంది. అందుకే మొదటి కరెంటు ప్రోగ్రామింగ్ ట్రాక్ మీదే ఇవ్వాలి. అది లేకపోతే పట్టాలకు వెళ్లే ఒక వైరులో 100 ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్ పెట్టండి. దీనితో బండి పూర్తిగా నడవదు, కానీ ఏం జరిగినా 150 మిల్లీఆంపియర్ల దగ్గరే ఆగుతుంది. ఇంజన్ ఆగి ఉండగానే రెసిస్టర్ కాలుతోందంటే వెంటనే తీసేయండి, లోపల షార్ట్ ఉంది. మూడు పట్టాల మీద నడిచే మార్‌క్లిన్ కంపెనీ ఇంజన్‌ను మాత్రం రెండు పట్టాల మీద అసలు పెట్టొద్దు. దాని చక్రాలు రెండు వైపులా కలిసే ఉంటాయి.

చివరిగా మోటార్. మన ఎండలకు ఏళ్ల తరబడి అటక మీద ఉన్న ఇంజన్‌లో గ్రీజు బిగుసుకుపోయి ఉంటుంది. గేర్లు శుభ్రం చేసి, డీకోడర్ లేకుండా 12 వోల్టుల డీసీ ఇచ్చి, చక్రాలను ఒక్క క్షణం పట్టి ఆపి అమ్మీటర్ చూడండి. మామూలు హెచ్‌ఓ (1:87 సైజు ఇంజన్ల) డీకోడర్లు చాలావరకు ఒక ఆంపియర్ దాకా మోస్తాయి. మీ మోటార్ అంతకన్నా ఎక్కువ లాగుతుంటే పెద్ద డీకోడరైనా కొనాలి, మోటారైనా మార్చాలి.