దోశల వీధి వెనక ముప్పై ఎకరాలు

హారిస్ పార్క్, సిడ్నీ

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి, వాళ్లతో పాటు ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

"బాబాయి పెట్టిన వీడియో చూశాం తాతయ్యా, అంతా మన బజారులాగే ఉంది. ఇంతకీ ఆస్ట్రేలియా ఏదీ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మీరు చూసింది విగ్రమ్ స్ట్రీట్. దోశలు, పానీపూరీ, బిర్యానీ, మిఠాయి కొట్లు, చీరల కొట్లు, ఫుట్‌పాత్ మీద బల్లలు వేసుకుని తినే జనం. మీ బాబాయి వీడియో తీస్తే అందులో తిండి తప్ప ఇంకేమీ కనపడదు, వాడి సంగతి మీకు తెలిసిందేగా. అందుకని ఆ వీధి వెనక ఉన్నదాని గురించి నేను రాస్తున్నాను. సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి, మ్యాప్‌తో మొదలుపెట్టకపోతే నాకు తోచదు.

ఆస్ట్రేలియా మ్యాప్‌లో తూర్పు తీరాన సిడ్నీ చూడండి. అక్కడి హార్బర్ నుంచి ఒక నీటి పాయ పడమరగా, నేల లోపలికి చొచ్చుకుపోతుంది. అదే పారామట్టా నది. పోను పోను సన్నబడి, సముద్రపు ఉప్పునీళ్లూ పైనుంచి వచ్చే మంచినీళ్లూ కలిసే చోట పారామట్టా పట్నం ఉంది. సిడ్నీ నడిబొడ్డు నుంచి అక్కడికి ఇంచుమించు 23 కిలోమీటర్లు. ఆ పట్నాన్ని ఆనుకుని, రైల్లో ఒక్క స్టేషన్ ఇవతల ఉన్న చిన్న పేట మన హారిస్ పార్క్. ఈ చివర నుంచి ఆ చివరకు నా నడకతో కూడా ఎంతోసేపు పట్టదు. సముద్రపు గాలి ఇంత దూరం సరిగ్గా అందదు కాబట్టి ఇక్కడి వేసవి నెలలైన డిసెంబరు, జనవరిల్లో ఎండలు మండిపోతాయి. ఇంకా పడమరన ఉన్న పెన్రిత్‌లో 2020 జనవరి 4న 48.9 డిగ్రీలు నమోదైంది. "చలి దేశం కదా" అని మీ నానమ్మ మాకు స్వెటర్లు సర్దింది.

ఇప్పుడు అసలు సంగతి. 1788 జనవరిలో ఇంగ్లండు వాళ్లు 11 ఓడల్లో, ఖైదీలూ సైనికులూ కలిపి వెయ్యిమందికి పైగా జనాన్ని తెచ్చి సిడ్నీ తీరంలో దించారు. తీరంలో ఉన్నది ఇసుకరాతి నేల. వేసిన గోధుమ చేతికి రాలేదు. ఓడల్లో తెచ్చుకున్న తిండి రోజురోజుకూ తరిగిపోతోంది. గవర్నరు ఆర్థర్ ఫిలిప్ పడవలో నది వెంబడి పైకి వచ్చి చూశాడు. పడవ పోగలిగినంత దూరం పోయాక అక్కడి మట్టి కాస్త మెరుగ్గా కనిపించింది. ఆ ఏడాది నవంబరులో అక్కడ రోజ్ హిల్ అని పేరు పెట్టి మకాం వేశారు. అదే తర్వాత పారామట్టా అయింది. మట్టీ, పడవదారీ రెండూ ఒకేచోట కుదరడమే ఈ ప్రాంతం ఎదగడానికి కారణం. పరీక్షలో ఇది అడిగితే రెండు మార్కులు.

అయితే వాళ్లు వచ్చేసరికి ఆ నేల ఖాళీగా లేదు. దారుగ్ ప్రజల్లో బురమట్టగల్ అనే తెగవారు వేల ఏళ్లుగా ఆ నది ఒడ్డున బతుకుతున్నారు. పారామట్టా అన్న పేరు కూడా వాళ్లదే, మలుగుపాములతో ముడిపడ్డ పేరు అంటారు. ఈ నదిలో మలుగుపాములు దొరుకుతాయి. పేరులో పాము ఉన్నా అది చేపే, మన బొమ్మిడాయిలకు పెద్దన్నయ్య అనుకోండి. పెరగడమంతా మంచినీళ్లలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మాత్రం నది దిగి, సముద్రంలో వేల కిలోమీటర్లు ఈదుకుంటూ ఉత్తరానికి పోతుంది. పిల్లలు మళ్లీ నదులు వెతుక్కుంటూ వస్తాయి. ఇప్పుడు పారామట్టా రగ్బీ జట్టుకు ఉన్నది ఈ చేప పేరే.

1789లో మశూచి వచ్చి ఆ తెగల్లో ఎంతోమందిని ఊడ్చేసింది. మిగిలినవాళ్లలో మౌగోరన్ అనే పెద్దాయన గవర్నరు దగ్గరికే వెళ్లి, రోజ్ హిల్‌కు ఇంతమందిని పంపడం మా వాళ్లకు కోపం తెప్పిస్తోందని మొహం మీదే చెప్పాడు. ఏం లాభం, జనం వస్తూనే ఉన్నారు. ఆయన కొడుకు బల్లూడెరీ మంచి వేటగాడు. నదిలో చేపలు పట్టి తెచ్చి, పారామట్టాలో తెల్లవాళ్లకు ఇచ్చి రొట్టె, ఉప్పు మాంసం తీసుకెళ్లేవాడు. ఇద్దరికీ బాగానే సాగుతున్న బేరం. 1791లో కొందరు ఖైదీలు ఊరికే అతని పడవను పగలగొట్టారు. చెట్టు బెరడు ఒలిచి చేసుకున్న పడవ అది. అతనికి ఇల్లూ, పనిముట్టూ అన్నీ అదే. గవర్నరు ఆ ఖైదీలను పట్టించి కొరడా దెబ్బలు కొట్టించాడు. బల్లూడెరీకి మాత్రం లెక్క సరిపోలేదు. ఒక ఖైదీని ఈటెతో పొడిచాడు. దాంతో అతణ్ణి కనపడితే పట్టుకోమని ఉత్తర్వు వచ్చింది, చేపల బేరం ఆగిపోయింది. ఆ ఏడాది చివర్లో అతను జబ్బుచేసి చనిపోతే, ఒక పడవలో పడుకోబెట్టి, ఈటె పక్కన పెట్టి, సిడ్నీలో గవర్నరు తోటలోనే పూడ్చారు. ఈ ఊళ్లో నాకు తెలిసిన కథలన్నిట్లో నేను మళ్లీ మళ్లీ తలచుకునేది ఇదే.

ఇక జేమ్స్ రూస్ దగ్గరికి వద్దాం. విగ్రమ్ స్ట్రీట్‌లో దోశ తిని పది నిమిషాలు నడిస్తే ఒకప్పటి ఇతని పొలం ఉన్న చోటు వస్తుంది. రూస్ ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన రైతు, దొంగతనం కేసులో ఏడేళ్ల శిక్ష పడ్డ ఖైదీ. శిక్ష తీరిపోయింది, నాకు నేల ఇవ్వండి అన్నాడు. గవర్నరు 1789 నవంబరులో ఎకరంన్నర నేల, విత్తనాలు, పనిముట్లు, రెండు ఆడ పందులు, ఆరు కోళ్లు ఇచ్చి, "నీ తిండి నువ్వు పండించుకో, అప్పుడు ముప్పై ఎకరాలు రాసిస్తా" అన్నాడు. ఒక మనిషి ఇక్కడ సొంతంగా ఎంతకాలంలో నిలదొక్కుకోగలడో చూద్దామని ప్రయోగం. అందుకే ఆ పొలానికి ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ అని పేరు.

రూస్ ఏం చేశాడో వినండి, మీలో సేద్యం ఇళ్ల పిల్లలకు బాగా అర్థమవుతుంది. కొట్టిన చెట్లను పొలంలోనే కాల్చాడు. ఆ బూడిదను నేలలోకి తవ్వి కలిపాడు. ప్రభుత్వ పొలంలో ఖైదీలు పైపైన గీకి వదిలేస్తుంటే, ఇతను లోతుగా తవ్వి, గడ్డిని తిరగేసి, నేలను కొన్నాళ్లు ఎండకు వదిలేశాడు. విత్తే ముందు మళ్లీ ఒకసారి తిరగేశాడు. నాగలి లేదు, ఎద్దుల్లేవు, ఎరువు లేదు. 1791 ఫిబ్రవరికి "ఇక నాకూ నా భార్యకూ బిడ్డకూ ప్రభుత్వం రేషన్ అక్కర్లేదు" అని చెప్పేశాడు. ముప్పై ఎకరాలు రాసిచ్చారు. ఈ దేశంలో ప్రభుత్వం పట్టా చేసిన మొదటి భూమి అదే. ఎవరి నేల ఎవరు ఎవరికి రాసిచ్చారన్నది పైన చదివారు కాబట్టి వేరే చెప్పను.

అంత కష్టపడి సంపాదించినదాన్ని రూస్ ఎంతోకాలం ఉంచుకోలేదు. 1793లో 40 పౌండ్లకు అమ్మేసి హాక్స్‌బరీ నది వైపు వెళ్లిపోయాడు. కొన్నది జాన్ హారిస్ అనే సైనిక వైద్యుడు. పేట పేరు ఆయనదే. ఈ డాక్టరుగారికి ఒక సరదా ఉండేది. మన దేశపు చుక్కల దుప్పులను తెప్పించి తన ఎస్టేటులో పెంచాడు. ఆస్ట్రేలియాలో అడుగుపెట్టిన మొదటి దుప్పులు అవే. 1813 నాటికి ఆయన దగ్గర సుమారు 400 ఉండేవట.

అదే 1793లో పక్కనే జాన్ మకార్థర్ అనే సైనికాధికారి ఇల్లు కట్టి, భార్య పేరుతో ఎలిజబెత్ ఫామ్ అన్నాడు. యూరోపియన్లు ఈ దేశంలో కట్టిన ఇళ్లలో ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో ఇదే పాతది. మకార్థర్ మొదట కలకత్తా నుంచి బెంగాల్ గొర్రెలను తెప్పించి, ఐర్లండు గొర్రెలతో కలిపాడు. పుట్టిన పిల్లలకు బొచ్చూ ఉన్నీ కలగలిసి వచ్చేసరికి ఉన్నిమీద ఆశ పుట్టింది. ఆ తర్వాత మంచి ఉన్నికి పేరుపడ్డ మెరినో జాతి గొర్రెలు వచ్చాయి, దేశం ఉన్ని వ్యాపారంతో బాగుపడింది. పుస్తకాల్లో పేరంతా జాన్‌దే. ఆయన మాత్రం గవర్నర్లతో తగాదాలు పెట్టుకుని 1809 నుంచి 1817 దాకా ఇంగ్లండులో కూర్చోవాల్సి వచ్చింది. ఆ ఎనిమిదేళ్లూ మందలనూ, కూలీలనూ, లెక్కలనూ చూసుకుంది ఎలిజబెత్. ఇంటికి ఆమె పేరు ఉండటమే సబబు అని నా అభిప్రాయం.

ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. "ముట్టుకోకూడదు" అన్న బోర్డు లేని మ్యూజియం నేను చూసింది ఇదొక్కటే. కుర్చీల్లో కూర్చోవచ్చు, పుస్తకాలు తిరగేయొచ్చు. చుట్టూ వాలు కప్పు, లోతైన వరండా. నేను ఆ వరండాలో చాలాసేపు కూర్చున్నాను, ఎవరూ లేవమనలేదు.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. 1855లో సిడ్నీ నుంచి ఇక్కడికి దగ్గరలోని గ్రాన్‌విల్ దాకా రైలు వచ్చింది. పొలాలను ముక్కలు చేసి వెంచర్లు వేసి అమ్మారు. పనివాళ్ల కోసం చిన్న చిన్న ఇళ్లు లేచాయి. 1975లో లెబనాన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక ఆ దేశం నుంచి చాలా కుటుంబాలు ఈ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. హారిస్ పార్క్‌లో ఉన్న పెద్ద చర్చి లెబనాన్ నుంచి వచ్చిన మెరొనైట్ అనే శాఖ క్రైస్తవులది. ఆదివారం అక్కడ ప్రార్థన అరబిక్‌లో వినిపిస్తుంది.

మనవాళ్లు వచ్చింది వాళ్ల తర్వాత. కారణాల్లో గొప్ప రహస్యమేమీ లేదు. స్టేషన్ పక్కనే, పారామట్టాలో పనులు దగ్గర, పాత ఇళ్లు కాబట్టి అప్పట్లో అద్దెలు తక్కువ. చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు ఒక్కో ఇంట్లో నలుగురైదుగురు చేరారు. వాళ్లకు వండిపెట్టడానికి హోటళ్లు వచ్చాయి. మీరు వీడియోలో చూసిన హోటళ్లను ఈసారి జాగ్రత్తగా చూడండి. చాలావరకు పనివాళ్ల కోసం కట్టిన ఆ పాత ఇళ్లే. ముందు గదిలో గల్లాపెట్టె, పడకగదిలో బల్లలు, పెరట్లో తందూరు పొయ్యి. మొత్తం ఆస్ట్రేలియాలోనే భారతీయులు ఇంత చిక్కగా ఉన్న పేటలు తక్కువ. తెలుగు వినాలంటే స్టేషన్ మెట్ల దగ్గర కాసేపు నిలబడితే చాలు. గోంగూర కట్ట ధర మాత్రం అడగకండి.

అన్నీ సాఫీగా జరగలేదు. 2009లో మెల్‌బోర్న్‌లోనూ ఇక్కడా మన విద్యార్థుల మీద దాడులు జరిగాయి. ఎక్కువమంది రాత్రి షిఫ్టు చేసి ఒంటరిగా ఇంటికి నడిచివెళ్లేవాళ్లు. ఆ జూన్‌లో కుర్రాళ్లు రాత్రుళ్లు హారిస్ పార్క్ వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపారు. మన టీవీల్లో కూడా రోజూ అదే వార్త, ఇక్కడ పిల్లలున్న తల్లిదండ్రులకు ఒకటే టెన్షన్. కోపంలో కొందరు ఆ దాడుల నిందను ఇక్కడి లెబనాన్ వాళ్లందరి మీదా వేశారు, అది తప్పు. ఇప్పుడు బాబాయి వీధిలో మిక్సీ బాగుచేసేది ఒక లెబనాన్ పెద్దాయనే. నన్ను చూస్తే కాఫీ తాగందే వదలడు.

2023 మేలో మన ప్రధాని మోదీ సిడ్నీ వచ్చినప్పుడు, ఆస్ట్రేలియా ప్రధాని ఆల్బనీస్‌తో కలిసి ఇక్కడ కట్టబోయే 'లిటిల్ ఇండియా' ముఖద్వారానికి శంకుస్థాపన ఫలకం ఆవిష్కరించారు. బాబాయికి అది చాలా గర్వం. నాకూ సంతోషమే కానీ, ఈ నేల మీద అంతకుముందు పడ్డ పేర్లన్నీ తెలిసినవాణ్ణి కాబట్టి వాడంత ఎగరలేదు. ఇక్కడ ఏ సభ జరిగినా మొదట ఆ నేల అసలు వారసులను తలుచుకుని నమస్కరించడం రివాజు. మనవాళ్ల ఉగాది సభలోనూ అలాగే దారుగ్ ప్రజల పేరు చెప్పాకే పంచాంగ శ్రవణం మొదలుపెట్టారు. పక్కన ఒకాయన "ఇదెందుకు?" అని గొణిగాడు. మౌగోరన్ సంగతి, పడవ సంగతి ఆయనకు చెప్పాను, పంచాంగం సగం అయిపోయింది.

మీలో ఎవరైనా పెద్దయ్యాక ఇటు వస్తే రైలు దిగగానే తిండికి ఎగబడకండి. ముందు రూస్ స్ట్రీట్‌లో ఎక్స్‌పెరిమెంట్ ఫామ్, తర్వాత ఎలిజబెత్ ఫామ్ చూడండి. అవి అన్ని రోజులూ తెరవరు, తెరిచినా సాయంత్రానికే మూసేస్తారు. విగ్రమ్ స్ట్రీట్ రాత్రి దాకా మేలుకునే ఉంటుంది, దోశ ఎక్కడికీ పోదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య