కౌన్సెలర్ కుర్చీలో లెక్చరర్: పిల్లల మానసిక భద్రతపై వివాదం ఎక్కడ మొదలైంది?

ఇంటర్ ఫలితాలు, నీట్, జేఈఈ దగ్గరపడిన ప్రతిసారీ జూనియర్ కళాశాలల్లో కౌన్సెలర్ ఉన్నారా లేరా అన్న ప్రశ్న లేస్తుంది. ఇప్పుడు దానికి సుప్రీంకోర్టు తీర్పు అండ దొరికింది. వంద మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో, పిల్లల, కౌమారదశ మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరు ఉండాలని న్యాయస్థానం 2025 జులై 25న ఆదేశించింది. యాజమాన్యాలు తమ దగ్గర ఉన్నారనే అంటాయి. పేరేమిటని అడిగితే చాలాచోట్ల బయటికి వచ్చేది ఒక సీనియర్ లెక్చరర్ పేరో, ఫ్లోర్ ఇన్‌ఛార్జి పేరో. తల్లిదండ్రులు అది చూసి మోసమంటారు, యాజమాన్యాలేమో ప్రభుత్వం చూపిన దారేనంటాయి. చిక్కేమిటంటే రెండో మాటలోనూ కొంత నిజం ఉంది. ఆ నిజం ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే నేటి గొడవ అర్థమవుతుంది.

కార్పొరేట్ కళాశాలలు ఎలా పుట్టాయో, ర్యాంకుల ప్రకటనలు పత్రికల మొదటి పేజీలకు ఎలా చేరాయో తెలుగు పాఠకులకు మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇంటర్ విద్యార్థుల ఆత్మహత్యలపై ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే ప్రొఫెసర్ నీరదారెడ్డి కమిటీని వేశారు. తెలంగాణలో 2019 ఏప్రిల్ 18న వెలువడిన ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఇరవై మందికి పైగా పిల్లలను కోల్పోయిన ఆ వేసవి కూడా ఎవరికీ మరుపుకు రాలేదు. ఆ రెండు సందర్భాల్లోనూ చర్చ పరీక్షల చుట్టూ, ఒత్తిడి చుట్టూ, మూల్యాంకనం చుట్టూ తిరిగింది. గదిలో ఒంటరిగా కూర్చున్న పిల్లవాడి దగ్గరికి మొదట వెళ్లవలసిన మనిషి ఎవరు, అతనికి ఆ పని ఎవరు నేర్పాలి అన్న ప్రశ్న పక్కనే ఉండిపోయింది.

ఆ ప్రశ్నకు జవాబు దొరికింది వేరే చోట, పెద్దగా వార్తల్లోకి ఎక్కని ఒక ఆరోగ్య పథకంలో. ఆయుష్మాన్ భారత్‌లో భాగంగా 2018లో రూపుదిద్దుకున్న పాఠశాల ఆరోగ్య కార్యక్రమానికి 2020 ఫిబ్రవరిలో ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన శిక్షణ పాఠ్యక్రమం విడుదలైంది. ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను, వీలైతే ఒక పురుషుడిని, ఒక మహిళను, ఆరోగ్య రాయబారులుగా ఎంచుకోవాలి. వారు వారానికి ఒక గంట పిల్లలతో మాట్లాడాలి. మొత్తం 11 అంశాలు. పోషకాహారం, పరిశుభ్రత, మత్తుపదార్థాలు, హెచ్‌ఐవీ, ఇంటర్నెట్ వాడకం మొదలైన వాటి నడుమ భావోద్వేగ, మానసిక ఆరోగ్యం ఒక అంశం, హింస నుంచి రక్షణ మరొక అంశం. శిక్షణ రాష్ట్రం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి మెట్లు దిగుతూ వస్తుంది. పైన నిపుణుడు చెప్పింది కింది మెట్టుకు చేరేసరికి ఎంత మిగులుతుందో ఏ శిక్షణ తరగతికైనా వెళ్లివచ్చిన టీచరు చెప్పగలరు.

ఈ పథకాన్ని తప్పుపట్టడం తేలిక, కానీ అది పూర్తి న్యాయం కాదు. ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతి పాపకు శరీరం గురించి, భయం గురించి ఒక పెద్దవాళ్లు తలుపు వేయకుండా, గొంతు తగ్గించకుండా మాట్లాడటమే పెద్ద మార్పు. అసలు నిర్ణయం మరొకటి. పిల్లల మనసు సంగతి చూసుకోవడానికి బడిలో ఒక పోస్టు ఉండాలా, లేక ఉన్న టీచరుకు అదనపు బాధ్యత ఇస్తే సరిపోతుందా అన్న కూడలి దగ్గర మన వ్యవస్థ రెండో దారి పట్టింది. పోస్టుకు జీతం, అర్హత, గది, లెక్క ఉంటాయి. అదనపు బాధ్యతకు ఉండేది ఒక ఉత్తర్వు కాపీ, ఒక సంతకం. ఈ రచయిత దృష్టిలో తరువాతి వివాదాలన్నీ ఆ మలుపు నుంచే వచ్చాయి.

అప్పటికే మరో నమూనా లేకపోలేదు. సెకండరీ, సీనియర్ సెకండరీ స్థాయిలో పూర్తికాలం కౌన్సెలర్, వెల్‌నెస్ టీచరును నియమించాలని సీబీఎస్‌ఈ అనుబంధ (అఫిలియేషన్) నిబంధనలు అప్పట్లోనే చెప్పాయి. తొమ్మిది నుంచి పన్నెండు తరగతుల్లో 300 మంది కంటే తక్కువ ఉంటేనే పాక్షికకాల నియామకానికి వీలిచ్చాయి. కాగితం మీద ఉన్నదంతా అమలైందని ఎవరూ అనరు. అయినా ఆ నిబంధనలో మనిషి ఒక ఉద్యోగి. మన రాష్ట్రాల్లో అదే వయసు పిల్లల్లో ఎక్కువమంది పదకొండు, పన్నెండు తరగతులను బడిలో చదవరు. ఇంటర్ బోర్డు పరిధిలోని కళాశాలల్లో, అందులోనూ లెక్కలేనంత మంది హాస్టళ్లలో ఉంటూ చదువుతారు. సాయంత్రం ఇంటికి వెళ్లి అమ్మతో చెప్పుకునే వీలు వారికి ఉండదు. ఫోను ఆదివారం పూట వార్డెన్ చేతిలోంచి రావాలి.

సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన కేసు మూలం విశాఖపట్నంలోనే ఉంది. పశ్చిమ బెంగాల్ నుంచి నీట్ శిక్షణ కోసం వచ్చి హాస్టల్‌లో ఉంటున్న 17 ఏళ్ల అమ్మాయి 2023 జులైలో మరణించింది. పోలీసుల దర్యాప్తుపై నమ్మకం లేక సీబీఐకి అప్పగించాలని తండ్రి కోరారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కాదన్నది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ధర్మాసనం ఒప్పుకొని దర్యాప్తును సీబీఐకి ఇచ్చింది. అంతటితో ఆగకుండా, ఒక్క 2022లోనే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కను ఎత్తిచూపింది. చట్టం వచ్చేదాకా దేశమంతటా పాటించవలసిన 15 మార్గదర్శకాలను జారీ చేసింది. మార్కులను బట్టి బ్యాచీలుగా విడదీయడం, పదిమందిలో అవమానించడం మానాలన్నది వాటిలో ఒకటి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలన్నది మరొకటి. మానసిక ప్రథమ చికిత్స, ప్రమాద సూచనలను గుర్తించడం, తనకు తాను హాని చేసుకునే విద్యార్థి విషయంలో ఎలా స్పందించాలి, ఎవరి దగ్గరికి పంపాలి అనేవి అందులో ఉండాలి. పత్రికల శీర్షికలు ఎక్కువగా హాస్టల్ గదుల భౌతిక భద్రతకు సంబంధించిన సూచన మీదికి పోయాయి. వంటమనిషికీ, వార్డెన్‌కూ శిక్షణ అనడం అంతకంటే ముఖ్యమైన మాట, ఎందుకంటే పిల్లవాడు రెండు రోజులుగా అన్నం తినడం లేదని ముందుగా తెలిసేది వాళ్లకే.

అయితే తీర్పు భాషను నెమ్మదిగా చదివితే పాత దారి మళ్లీ కనిపిస్తుంది. వంద మంది అన్నది నిష్పత్తి కాదు, గీత మాత్రమే. మూడు వేల మంది ఉన్న క్యాంపస్ కూడా ఒక్కరిని చూపించి ఆ వాక్యాన్ని నెరవేర్చినట్టు చెప్పుకోవచ్చు. పైగా నియమించాలి లేదా సేవలు వినియోగించుకోవాలి అని రెండు వీలులూ ఇచ్చారు కాబట్టి, నెలకోసారి వచ్చిపోయే నిపుణుడూ లెక్కలోకి వస్తాడు. విద్యార్థుల సంఖ్యకు తగినంత మంది కౌన్సెలర్లు ఉండేలా చూడాలని వేరే మార్గదర్శకం అంటుంది, అంకె చెప్పదు. పరీక్షల వేళ చిన్న బృందాలకు కేటాయించే మనిషి మెంటారైనా కావచ్చు, కౌన్సెలరైనా కావచ్చు. ఆ ‘మెంటార్’ అన్న మాటలోంచే లెక్చరర్ మళ్లీ కౌన్సెలర్ కుర్చీలోకి వస్తున్నాడు.

యాజమాన్యాల వాదన ఏమిటంటే, శిక్షణ పొందినవాళ్లు దొరకరు. ఇది పూర్తిగా సాకు కాదు. దేశంలో లక్ష జనాభాకు సైకియాట్రిస్టులు 0.75 మందేనని ఒక అంచనా, 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13-17 ఏళ్ల వారిలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉన్నట్టు తేలింది. క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు తప్పనిసరి. కౌన్సెలర్ అన్న పేరుకు మాత్రం ఏళ్ల తరబడి అలాంటి తలుపు ఏదీ లేదు. మూడు నెలల సర్టిఫికెట్ ఉన్నవారూ బోర్డు పెట్టుకున్నారు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం కౌన్సెలర్లను, సోషల్ వర్కర్లను నియంత్రణ కిందికి తెచ్చింది. ఆ చట్టం కిందే యూజీసీ 2025 విద్యాసంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్యలో చెప్పడాన్ని ఆపేసింది. అవసరం పెరిగిన ఏడాదే తలుపు ఇరుకైంది. తలుపు ఇరుకు చేయడం సరైనదే, లోపల సీట్లు పెంచకపోవడమే తప్పు.

పని చేస్తున్న కౌన్సెలర్లు చెప్పే కష్టం వేరు. దాన్ని కాస్త ఎక్కువ సేపు వినాలి. కళాశాల జీతం ఇస్తుంది, పిల్లలు నమ్మి చెప్పుకుంటారు, ప్రిన్సిపాల్ ఆ ఫైలు అడుగుతారు. ఫైలు ఇస్తే రేపటి నుంచి ఎవరూ ఆ గది తలుపు తట్టరు. పైగా పిల్ల చెప్పిన విషయం లైంగిక దాడి అయితే చట్టం మరో కొస నుంచి లాగుతుంది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ఎవరైనా పోలీసులకు తెలియజేయాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా, సంస్థ అధిపతికైతే ఏడాది దాకా శిక్ష పడవచ్చు. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి గోడు విన్న టీచరు ఆ మాట తప్పక తప్పదు. వినడం మొదలుపెట్టక ముందే, ఏది దాచగలను, ఏది దాచలేను అని పిల్లకు ఆమె భాషలో చెప్పడం ఒక నైపుణ్యం. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో మహిళా శిశు అభివృద్ధి శాఖ మద్దతుతో నడుస్తున్న ‘సంవాద్’ వంటి కేంద్రాలు పిల్లల రక్షణ సిబ్బందికి ఇలాంటి సాధన చేయిస్తాయి. బోటనీ పీరియడ్‌కూ స్టడీ అవర్‌కూ మధ్య దొరికే ఇరవై నిమిషాల్లో అది ఒంటబట్టదు.

2022 అక్టోబర్ 10న మొదలైన మానసిక ఆరోగ్య సహాయ ఫోను సేవ టెలీమానస్ నంబరు 14416ను పెద్ద అక్షరాలతో హాస్టళ్లలో, తరగతి గదుల్లో అంటించాలని కూడా తీర్పు చెప్పింది. ఈ నంబరుకు ఉచితంగా, రాత్రింబవళ్లు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. నంబరు గోడ మీద ఉన్నా, ఫోను వార్డెన్ అలమరలో ఉంటే ఏం చేయాలో మాత్రం ఏ మార్గదర్శకంలోనూ లేదు.

జిల్లా కలెక్టర్ నేతృత్వంలో పర్యవేక్షణ సంఘాలు వేయాలని, ప్రైవేటు కోచింగ్ కేంద్రాలపై రాష్ట్రాలు రెండు నెలల్లో నిబంధనలు తేవాలని కూడా ధర్మాసనం అన్నది. తనిఖీకి వెళ్లే అధికారి చేతిలో ఉండే ఫారంలో కౌన్సెలర్ ఉన్నారా అన్న గడి ఎదుట అవును, కాదు అని రెండే ఉంటే, కళాశాలలు నెగ్గినట్టే. ఆ మనిషి చదువేమిటి, నమోదు సంఖ్య ఏమిటి, ఎంతమందికి ఒకరు, ఏ సబ్జెక్టు బోధిస్తున్నారు అని నాలుగు గడులు అదనంగా వేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఈ వాదనలో అంతగా ఎవరూ ఎత్తని గడువు ఒకటి ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 31వ సెక్షన్, చట్టం అమల్లోకి వచ్చిన పదేళ్లలోగా జనాభాకు తగిన సంఖ్యలో మానసిక ఆరోగ్య నిపుణులు ఉండేలా ప్రభుత్వాలు ప్రయత్నించాలని చెబుతోంది. చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. ఆ పదేళ్లు 2028 మేలో, అంటే మరో ఇంటర్ ఫలితాల సీజన్‌లోనే, నిండుతాయి.