పరుపు కింద ఏముందన్నదే అసలు లెక్క: చిన్న క్యాంపర్ ట్రైలరులో పక్క - అపోహలు, వాస్తవాలు

ఈ రాతకంతా ఒకే కొలత పట్టుకుందాం. ట్రైలరు లోపల 7 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు, ఒకే ఇరుసు. బరంపురం నుంచో పర్లాకిమిడి నుంచో బయల్దేరే బండికి ఒక చిక్కుంది. మే నెలలో గోపాలపూర్ ఒడ్డున ఉప్పుగాలి, ఉక్కపోత. అదే బండిని డిసెంబరులో కొరాపుట్ దాటించి 1,672 మీటర్ల దేవమాలి కొండ కింద ఆపితే ఎముకలు కొరికే చలి. పక్క ఒక్కటే, రెండు చోట్లా నిద్ర పట్టాలి. పొరపాట్లన్నీ ఇక్కడ మొదలవుతాయి.

అపోహ: మంచి పరుపు కొంటే నిద్ర దానంతటదే వస్తుంది

పరుపు ముఖ్యమే, కానీ జనం చూసేది చేత్తో నొక్కితే ఎంత మెత్తగా ఉందని. చూడాల్సింది డెన్సిటీ, అంటే ఒక ఘనమీటరు ఫోము ఎన్ని కిలోలు తూగుతుందన్నది. 18, 20 డెన్సిటీ ఫోము కొట్లో మెత్తగా, హాయిగానే ఉంటుంది. ఆర్నెల్లు వాడాక తుంటి దగ్గర అణిగిపోయి కింద చెక్క తగులుతుంది. 32 డెన్సిటీ, 4 అంగుళాల మందం తీసుకోండి. 190 × 120 సెం.మీ. ముక్క ఏడెనిమిది కిలోలే తూగుతుంది. ఇంట్లో ఉన్న దూది పరుపు వేద్దామంటే దాని బరువు ఇంతకు రెట్టింపు దాటుతుంది, పైగా చెమ్మ పీల్చుకుంటే రోజంతా ఎండబెట్టాలి. సముద్రం వైపు ఎక్కువగా తిరిగేవాళ్లు కింద 2 అంగుళాల రబ్బరు కొబ్బరిపీచు, పైన 2 అంగుళాల ఫోము వేసుకుంటే మేలు. పీచులోంచి గాలి ఆడుతుంది.

అపోహ: కింద నుంచి చెమ్మ రాకుండా పరుపు కింద ప్లాస్టిక్ పట్టానో టార్పాలినో పరచాలి

అన్నిటికంటే ఎక్కువ పరుపుల్ని పాడుచేసేది ఇదే. నమ్మకం కలగకపోతే చలి ఊళ్లో రాత్రి పడుకున్నాక, పొద్దున్నే పరుపు అంచు ఎత్తి చూడండి. ఇద్దరు పడుకున్న చోట, భుజాలు, తుంటి ఆనిన మేర, పరుపు అడుగు గుడ్డ మనిషి ఆకారంలో నల్లబడి ఉంటుంది. మిగతా చోట పొడిగానే ఉంటుంది. నేలలోంచి వచ్చిన చెమ్మైతే మనిషి ఆకారంలో ఎందుకుంటుంది?

ఆ నీళ్లు మనవే. ఇద్దరు మనుషులు ఒక్క రాత్రిలో ఊపిరిలోంచీ ఒంట్లోంచీ అర లీటరుకు అటూఇటూగా నీటిని ఆవిరిగా వదులుతారు. ఒంటి వేడికి ఆ ఆవిరి కొంత ఫోములోంచి కిందికి దిగుతుంది. కింద చల్లటి చెక్క తగలగానే నీరవుతుంది, చల్లటి చెంబు మీద చెమ్మ పట్టినట్టే. ప్లాస్టిక్ వేస్తే ఆ నీటికి పోయే దారే లేదు. రెండు మూడు రాత్రులు అలాగే వదిలేస్తే ముక్క వాసన, వారం దాటితే నల్లటి బూజు చుక్కలు. బూజు ఫోము లోపలికి దిగిందంటే కడిగినా పోదు, పరుపు పారేయాల్సిందే.

దీనికి విరుగుడు గాలి. పలక చెక్కకు బదులు పట్టీలు వేయండి, లేదా ఉన్న పలకకే 30 ఎం.ఎం. హోల్‌సాతో (గుండ్రటి బెజ్జం కోసే రంపంతో) జానెడు ఎడంలో బెజ్జాలు పెట్టండి. మంచం కింద సామాను పెట్టెలు పట్టీలకు ఆనేదాకా కుక్కకుండా, నాలుగు వేళ్ల ఖాళీ ఉంచాలి. పొద్దున్న లేవగానే దుప్పటి సర్దేసి పరుపు చక్కగా పరిచిపెట్టడం మంచి అలవాటే కానీ ట్రైలరులో అది పనికిరాదు. పరుపును గోడకు నిలబెట్టి ఒక గంట గాలికి వదలాలి. గోపాలపూర్ ఉక్కలో నీరు ఇలా పేరుకోదు గానీ, వీపు చెమట ఆరడానికి అక్కడా ఈ ఖాళీయే అక్కరకొస్తుంది.

అపోహ: ప్లైవుడ్డు ఎంత మందమైతే మంచం అంత గట్టి

8 × 4 అడుగుల షీటు 19 ఎం.ఎం.లో 35 కిలోలు దాటుతుంది, 12 ఎం.ఎం.లో 23 కిలోల దగ్గర ఆగుతుంది. బలం మందంలో ఎంతుందో దన్నుల ఎడంలోనూ అంతే ఉంది. 19 ఎం.ఎం. పలకకు 60 సెం.మీ.కొక దన్ను ఇస్తే ఎంత వంగుతుందో, 12 ఎం.ఎం.కు 38 సెం.మీ.కొక దన్ను ఇస్తే దాదాపు అంతే వంగుతుంది. ప్లైయే వేయదలిస్తే "వాటర్‌ప్రూఫ్" అన్న మాట విని ఊరుకోకండి, షీటు మీద ఐఎస్ 710 ముద్ర (మెరైన్ ప్లై గుర్తు) చూడండి. మామూలు ఎంఆర్ రకం తడి గాలికి పొరలు విడిపోతుంది. కోసిన అంచులకూ బెజ్జాల లోపలికీ వార్నిషు రెండు పూతలు పడాలి. నీరు దూరేది అక్కడే.

మా ఓటు మాత్రం పట్టీల మంచానికే. లెక్క ఇది:

చట్రానికి అంగుళం స్క్వేర్ పైపు, 16 గేజి, 20 అడుగులవి రెండు. మొదటి పైపులో 190 సెం.మీ. ముక్కలు మూడు వస్తాయి: రెండు పక్కలకు రెండు, నడిమికి ఒకటి. రెండో దాంట్లో 120 సెం.మీ. అడ్డ ముక్కలు రెండు, 35 సెం.మీ. కాళ్లు తొమ్మిది. నిలువు పైపు ఒక్కొక్కదానికి మూడేసి కాళ్లు, రెండు కొసల్లో, నడుమన. మొత్తం చట్రం 13 కిలోల చిల్లర. నడిమి పైపు, దాని మధ్య కాలు అనవసరమని తీసేయకండి. రెండు ఒళ్ల బరువులో సగానికి పైగా మోసేది ఆ పైపే.

పట్టీలు 120 సెం.మీ. పొడవు, 7 సెం.మీ. వెడల్పు, 18 ఎం.ఎం. మందం, మొత్తం 16. టేకు దొరికితే సరే, గుగ్గిలమైతే బరువు కాస్త పెరుగుతుంది. మధ్య 5.2 సెం.మీ. ఖాళీ వదిలితే 190కి సరిగ్గా సరిపోతుంది. ఒక్కో పట్టీని చట్రానికి బిగించొద్దు. అన్నిటి కిందా రెండు వరసల్లో నవారు వేసి, పట్టీకొక్క చిన్న స్క్రూ, వాషరుతో నవారును పట్టించండి. మొదటి పట్టీ, చివరి పట్టీ మాత్రమే చట్రానికి బోల్టు. కింద సామాను కావాలంటే ఒక కొస బోల్టు విప్పి పక్కను చాపలా చుట్టేయొచ్చు. నవారుకు స్టేపుల్ పిన్నులు కొట్టకండి, గతుకుల్లో ఊడి పరుపులో దిగుతాయి. పైపు మీద పాత సైకిలు ట్యూబు చీల్చి అంటిస్తే, పక్కకు తిరిగినప్పుడల్లా వచ్చే కిర్రుమనే చప్పుడు పోతుంది.

వెల్డింగు అతుకులు రుద్ది, రెడాక్సైడు కొట్టాకే రంగు. ఉప్పుగాలికి తుప్పు మొదట పట్టేది అతుకు దగ్గరే.

అపోహ: మంచాన్ని నేలకు ఉడ్ స్క్రూలతో బిగిస్తే సరిపోతుంది

ఇంట్లో సరిపోతుంది. బండిలో అదురుకు స్క్రూ బెజ్జం రోజురోజుకూ వదులవుతుంది. సడన్ బ్రేకు పడిన రోజున మంచం మొత్తం ముందు గోడ మీద పడుతుంది. కాలికింద 50 ఎం.ఎం. ప్లేటు, నేల గుండా ఎం8 బోల్టు, అడుగున 3 ఎం.ఎం. ఇనుప ముక్క, అదురుకు వదులవని నైలాక్ నట్టు. తొమ్మిది కాళ్లలో నాలుగు మూలలవి, మూడు నడిమివి ఇలా దిగితే చాలు. మొదటి 100 కిలోమీటర్లు నడిచాక ఒకసారి మళ్లీ స్పానరు వేయండి. బెజ్జం వేసే ముందు కింద ఛాసిస్, వైర్లు ఎక్కడున్నాయో చూసుకోవాలి.

అపోహ: చలి కదా, అన్నీ మూసి లోపల కాసేపు కుంపటి పెడితే వెచ్చగా ఉంటుంది

దీనికి "కాసేపు", "కొంచెం" అన్న సర్దుబాటు లేదు. బొగ్గు కుంపటి, గ్యాసు పొయ్యి, కిరసనాయిలు స్టవ్వు, ఏదీ పడుకునే పెట్టెలో వెలగకూడదు. నిప్పు ఆరినట్టు కనిపించే కుంపటి కూడా కార్బన్ మోనాక్సైడు వదులుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, దగ్గు కూడా రాదు. తలనొప్పి, మగత వస్తాయి, అవి అలసట వల్ల వచ్చాయనుకుని మనిషి నిద్రలోకి జారిపోతాడు. అలా పడుకున్నవాళ్లు మళ్లీ లేవరు. బయట జనరేటరు నడుస్తున్నా దాని పొగ ఏ కిటికీ వైపు వస్తోందో చూడాలి. మోనాక్సైడు అలారం ఒకటి తలగడ ఎత్తులో గోడకు పెట్టండి.

వెచ్చదనం కావాలంటే చలిని పై నుంచి కంటే కింద నుంచి ఆపాలి. ఒళ్లు నొక్కిన చోట ఫోము పలచబడి చలిని సరిగా ఆపదు. పరుపు మీద, దుప్పటి కింద, ఒక ఉన్ని కంబళో మందపాటి బొంతో పరవండి. పైన రెండు రగ్గులు కప్పుకునే బదులు ఒకటి కిందకు మార్చినా తేడా తెలుస్తుంది.

గాలి దారులు రెండు ఎప్పుడూ తెరిచే ఉండాలి: ఒకటి నేలకు దగ్గరగా, ఒకటి ఎదుటి గోడలో కప్పుకు దగ్గరగా, ఒక్కొక్కటి 10 × 10 సెం.మీ. మూత బిగిసే రకం పెట్టకండి, చలికి ఎవరో ఒకరు మూసేస్తారు.

అపోహ: కిటికీకి జాలీ ఉంది, దోమతెర ఎందుకు

తలుపు ఒక్కసారి తెరిస్తే చాలు, నాలుగు దోమలు లోపలికొస్తాయి. గజపతి, రాయగడ, కొరాపుట్ అడవి అంచుల్లో మలేరియా తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఒడిశా ప్రభుత్వం "దమన్" పేరుతో మారుమూల ఊళ్లలో ప్రత్యేకంగా పని పెట్టుకున్నది ఇందుకే. మలేరియా దోమ కుట్టేది రాత్రిపూట, మనం నిద్రలో ఉన్నప్పుడు. కప్పుకు నాలుగు మూలలా కొక్కేలు పెట్టి, మందు కలిపిన తెర కట్టి, అంచు పరుపు కిందికి దోపాలి. గోడ వైపు చెయ్యి తెరకు ఆని ఉంటే దోమ తెర పైనుంచే కుడుతుంది. అందుకని తెర కొలత పరుపు కంటే అన్ని వైపులా జానెడు ఎక్కువ ఉండాలి. మందు తెరను గాఢమైన పౌడరుతో ఉతకొద్దు, ఎండలో ఆరెయ్యొద్దు, నీడలో ఆరాలి. మూసిన పెట్టెలో కాయిల్ వెలిగించడం మాత్రం వద్దే వద్దు.

అపోహ: మూల జాకీలు దించేస్తే బండి ఎత్తు సరిచేసినట్టే

మూల జాకీలు ఊగకుండా ఆపడానికి, ఎత్తడానికి కాదు. వాటితో ఎత్తితే చట్రం మెలిపడి తలుపు పట్టేస్తుంది. మొదట బండి ఎడమకో కుడికో వాలిందేమో చూడండి, పల్లంగా ఉన్న చక్రాన్ని పలక మీదికి ఎక్కించండి. తర్వాత చక్రాలకు అడ్డు దిమ్మలు. ఆపైన కారుకు తగిలించే కొసన ఉండే చిన్న చక్రంతో ముందూ వెనకా సమం. జాకీలు చివర్న, నేలకు ఆనేంత మాత్రమే. మట్టం పూర్తిగా కుదరకపోతే తల వైపు కాస్త ఎత్తుండనివ్వండి.

ఒకే ఇరుసు బండిలో ఇంకో ప్రమాదముంది. కారు నుంచి విప్పాక, వెనక జాకీలు దించకముందే ఇద్దరు వెనక కొసకు ఎక్కితే ముక్కు గాల్లోకి లేస్తుంది. మొదట జాకీలు దించాలి, తర్వాతే మనుషులు ఎక్కాలి.

ఈ బరువు సంగతి నడిచేటప్పుడూ అంతే. మంచం కింద వెనక ఖాళీ ఉంది కదా అని 20 లీటర్ల నీళ్ల టిన్నులు మూడు పెడితే 60 కిలోలు ఇరుసుకు వెనక పడతాయి. ఘాట్‌లో దిగేటప్పుడు ట్రైలరు తోక కొట్టుకుంటుంది. బరువైనవన్నీ ఇరుసు మీద, లేదా దానికి కాస్త ముందు. కారుకు తగిలించే కొక్కెం మీద పడే బరువు మొత్తం ట్రైలరు బరువులో పదో వంతు దగ్గర ఉంటే బండి బుద్ధిగా వెంట వస్తుంది, కారు తయారీదారు ఇచ్చిన హద్దు మాత్రం దాటకూడదు. నడిచే ట్రైలరులో ఎవరినీ పడుకోబెట్టకండి, పిల్లలు నిద్రపోతున్నా సరే. 1988 మోటారు వాహనాల చట్టం కింద ట్రైలరుకూ రిజిస్ట్రేషను కావాలి.

అపోహ: బల్లను దించి పక్కగా మార్చేదే అన్నిటికంటే తెలివైన ఏర్పాటు

బొమ్మల్లో బాగుంటుంది. 5 అడుగుల వెడల్పులో, మా మాట అడిగితే, వద్దు. రాత్రి ఒకరు బయటికి వెళ్లాలంటే రెండో వాళ్లు కాళ్లు ముడవాలి, వాన పడితే పగలు కూర్చునే చోటే ఉండదు. కట్టి తీరాలనుకుంటే బల్ల పలకను ఒంటి కాలి మీద నిలపకుండా, రెండు బెంచీల అంచునా 25 × 40 ఎం.ఎం. పట్టీ కొట్టి దాని మీద కూర్చోబెట్టండి. దిండ్లు కోసేటప్పుడు అతుకు తుంటి కింద పడకుండా మోకాళ్ల దగ్గరికి జరపండి.

అపోహ: పిల్లలకు పైన ఒక పలక కొడితే చాలు

ఆరేళ్ల లోపు పిల్లల్ని పై పక్క మీద పడుకోబెట్టకూడదు. పెద్ద పిల్లలకైనా పరుపు పైభాగం నుంచి కనీసం 16 సెం.మీ. ఎత్తు అడ్డుకట్ట ఉండాలి, గోడ వైపు కూడా సందు ఉండకూడదు. కమ్ముల మధ్య ఖాళీ 8 సెం.మీ. దాటనివ్వకండి, ఒళ్లు జారి తల ఇరుక్కుంటుంది.

ఇక్కడ నవారు అల్లిక బాగా పనికొస్తుంది: తేలిక, కింద నుంచి గాలి. కానీ నవారు లాగితే అంగుళం పైపు లోపలికి వంగుతుంది, ఒకటిన్నర అంగుళం పైపు వాడండి. నైలాను నవారు మొదటి నెలలో సాగుతుంది, కాళ్ల వైపు బిగించుకోవడానికి ఒక మూర వదిలి ముడెయ్యండి.

అపోహ: తలుపుకు బయట గట్టి గడియ ఉంటే భద్రం

షెడ్డులో చేసిన చాలా పెట్టెలకు సామాను బండి గడియే పెడతారు, అది బయటి నుంచే తెరుచుకుంటుంది. లోపల మనుషులు పడుకునే పెట్టెకు తాళంచెవి లేకుండా, చీకట్లో చేత్తో తడిమితే తెరుచుకునే పిడి లోపలి వైపు ఉండాలి. బయట ఎవరైనా పొరపాటున గడియ వేసినా అది తెరుచుకోవాలి. మంచం కొస తలుపుకు అడ్డం రాకూడదు. కిటికీల్లో ఒకటి మనిషి దూరేంత, 45 × 60 సెం.మీ. తగ్గకుండా, లోపలి నుంచి పూర్తిగా తెరుచుకునేలా తల వైపు పెట్టించండి. తీరా అంతా అయ్యాక లోపల పడుకుని, దీపం ఆర్పి, కళ్లు మూసుకుని ఆ రెంటినీ తెరిచి చూడండి. ఇంట్లోవాళ్లందరి చేతా ఒకసారి తెరిపించండి.