సుందరయ్య ఎందుకు రాజీనామా చేశారు?

కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది సైకిల్. పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్లారు, ఆస్తి పార్టీకి ఇచ్చేశారు, ఆయనా లీలమ్మా పిల్లలు వద్దనుకున్నారు. ఏటా మే 19న, ఆయన వర్ధంతికి, వాట్సాప్‌లో తిరిగేవి ఇవే. తప్పేం లేదు గానీ, ఆయన వదులుకున్నవాటిల్లో అన్నిటికంటే బరువైనది సీపీఎం జనరల్ సెక్రటరీ పదవేనని నాకనిపిస్తుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు మాత్రం తక్కువ.

పుట్టింది 1913 మే 1న, నెల్లూరు జిల్లా అలగానిపాడులో, బాగా భూములున్న ఇంట్లో. పేరు చివరి రెడ్డిని తీసేసుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో పట్టుబడితే వయసు చాలదని బోర్స్టల్ స్కూల్లో, అంటే కుర్ర ఖైదీల జైల్లో, పెట్టారు. ఆ తర్వాత కమ్యూనిస్టు నాయకుడు అమీర్ హైదర్ ఖాన్ పరిచయంతో కమ్యూనిస్టు అయ్యారు, ఊళ్లో కూలీల సంఘం పెట్టారు, అంటే మొదటి గొడవ సొంత ఊరి ఆసాములతోనే అన్నమాట.

తెలంగాణ సాయుధ పోరాటం దగ్గరే అసలు చిక్కంతా ఉంది. దాదాపు 3 వేల గ్రామాలు, 10 లక్షల ఎకరాల పంపకం అని ఆయనే తర్వాత రాశారు. 1948 సెప్టెంబర్లో నిజాం లొంగిపోయాక, ఇప్పుడు వచ్చింది నెహ్రూ సైన్యం కదా, ఇంకా తుపాకి పట్టుకోవాలా దించాలా అని పార్టీ నిలువునా చీలినంత పని అయింది. ఆ పోరాట నాయకుల్లో ఒకరైన రావి నారాయణరెడ్డి ఇక తుపాకి వద్దన్నారు. సుందరయ్య అడవిలో దళాల వెంటే ఉన్నారు. 1951 అక్టోబర్లో పోరాటం విరమించారు, ఆయన లెక్క ప్రకారం అప్పటికి 4 వేల మంది చనిపోయారు. అంతమంది పోయాక ఎవరితో కలవాలి, ఎవరితో కలవకూడదు అన్నది ఆయనకి ఎత్తుగడ లెక్క కాదు, ఇది నా ఊహే అనుకోండి.

1964లో కమ్యూనిస్టు పార్టీ రెండైంది, అందులో కొత్తగా వచ్చిన సీపీఎంకి మొదటి జనరల్ సెక్రటరీ ఆయనే. పదకొండేళ్లకి ఎమర్జెన్సీ వచ్చింది. ఇందిరాగాంధీ మీద పోరాటమంటే అందరూ కలవాలి కదా అని పార్టీలో మెజారిటీ లెక్క, ఆ అందరిలో జనసంఘ్ (ఇప్పటి బీజేపీకి ముందు రూపం) కూడా ఉంది. ఆర్ఎస్ఎస్ వెనకున్న పార్టీతో కలిసి నడవడం కుదరదని ఆయన మొండికేశారు. పార్టీ వినలేదు. ఆయన జనరల్ సెక్రటరీ పదవికి రాజీనామా చేశారు. లేఖలో మొదటి కారణంగా రాసిందే అది, కిసాన్, ట్రేడ్ యూనియన్ పనుల మీద తగాదాలు దాని తర్వాతే.

విచిత్రమేంటంటే, అలిగి బయటికి పోలేదు, వేరే పార్టీ పెట్టలేదు, పత్రికలకెక్కలేదు. ఆంధ్రకి వచ్చి మామూలు పనిలో పడ్డారు. 1978లో గన్నవరం నుంచి మళ్లీ అసెంబ్లీకి గెలిచారు. ఆ ఎన్నికకి ముందే, 1977లో, జనసంఘ్ కలిసిపోయిన జనతా ఢిల్లీలో గద్దెనెక్కింది, అద్వానీ, వాజ్‌పేయి మంత్రులయ్యారు.