అడ్రినల్ క్రైసిస్: మనిషి తికమక పడుతుంటే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి? అపోహలు - వాస్తవాలు

నేను తిరుపతిలో హార్మోన్ జబ్బులు చూసే డాక్టర్‌ని. షుగర్, థైరాయిడ్ గురించి ఇప్పుడు అందరికీ ఎంతో కొంత తెలుసు. అడ్రినల్ గ్రంథుల మాట ఎత్తితే మాత్రం చాలామంది ఆ పేరే వినలేదంటారు. ఈ జబ్బు ఉన్నవాళ్ళు తక్కువ కాబట్టి అది సహజమే. కానీ ఉన్నవాళ్ళకు ఇది కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెచ్చిపెట్టగలదు. సమయానికి ఒక్క హైడ్రోకార్టిసోన్ సూది పడితే చాలామంది గట్టెక్కుతారు. చిక్కంతా ఏమిటంటే, "నాకిప్పుడు సూది కావాలి" అని చెప్పాల్సిన మనిషికే ఆ సమయంలో ఆలోచన సాగదు. అందుకే ఇది రోగుల కంటే వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం ఎక్కువగా రాస్తున్నాను.

రెండు కిడ్నీల మీదా చెరొకటి చొప్పున చిన్న గ్రంథులుంటాయి. అవే అడ్రినల్స్. వాటి నుంచి వచ్చే కార్టిసోల్ అనే హార్మోన్ బీపీని నిలబెడుతుంది, రక్తంలో షుగర్ పడిపోకుండా చూస్తుంది. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, ఆపరేషన్ జరిగినా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో ఇది దానంతటదే పెరుగుతుంది. పెరగాల్సినప్పుడు పెరగకపోతే బీపీ, సోడియం, షుగర్ పడిపోతాయి. దాన్నే అడ్రినల్ క్రైసిస్ అంటాం. కార్టిసోల్ చాలినంత తయారవకపోవడమే అడ్రినల్ లోపం. అది ఉన్నవాళ్ళు దాని బదులు రోజూ హైడ్రోకార్టిసోన్ మాత్ర వేసుకుంటారు.

అపోహ: ఇది విదేశాల్లో వచ్చే జబ్బు, మన వైపు ఉండదు.

వాస్తవం: మన వైపు దీనికి కారణాలు చాలానే ఉన్నాయి. థామస్ అడిసన్ 1855లో ఈ జబ్బును మొదట వర్ణించినప్పుడు ఆయన చూసిన రోగుల్లో చాలామందికి అడ్రినల్స్‌ను తినేసింది క్షయ. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగుల కోసమే 1915లో శానిటోరియం మొదలైంది. అంటే ఈ ప్రాంతానికి టీబీ కొత్తది కాదు. టీబీ ఊపిరితిత్తులకే రావాలని లేదు, అడ్రినల్స్‌కూ పాకుతుంది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. టీబీకి వాడే రిఫాంపిసిన్ శరీరంలోని కార్టిసోల్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది. అడ్రినల్స్ అంతంతమాత్రంగా పనిచేస్తున్నవాళ్ళు టీబీ మందులు మొదలుపెట్టాక మరీ నీరసపడితే "మందులు పడలేదు" అని సరిపెట్టుకోకండి.

రెండో కారణం స్టెరాయిడ్ మాత్రలు. ఆయాసానికి, కీళ్ళనొప్పులకు, చర్మ సమస్యలకు ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ నెలల తరబడి వాడితే అడ్రినల్స్ నిద్రపోతాయి. డాక్టర్ రాసినవే కాదు, ఒళ్ళు రావడానికని అమ్మే మాత్రల్లో, పేరులేని పొట్లాల్లో కట్టిచ్చే నొప్పుల మందుల్లో కూడా స్టెరాయిడ్లు ఉండొచ్చు. తాము స్టెరాయిడ్ వాడుతున్నామన్న సంగతే వాళ్ళకు తెలియదు. ఒకరోజు ఎవరో "ఆ మందు మంచిది కాదు" అంటే టక్కున ఆపేస్తారు. మానడం మంచి ఆలోచనే, కానీ కొద్దికొద్దిగా, డాక్టర్ చూపులో మానాలి.

ఇక కాన్పులో రక్తం ఎక్కువగా పోయిన ఆడవాళ్ళు. మెదడు కింద ఉండి అడ్రినల్స్‌ను నడిపించే పిట్యూటరీ గ్రంథి అప్పుడు దెబ్బతింటే బిడ్డకు పాలు పడవు, నెలసరి తిరిగి రాదు. కార్టిసోల్ లోపం చాలా ఏళ్ళ తర్వాత ఒక మామూలు జ్వరంతో బయటపడుతుంది. అలాంటివాళ్ళలో థైరాయిడ్ తక్కువగా ఉందని ముందుగా థైరాయిడ్ మాత్ర ఒక్కటే మొదలుపెడితే అదే క్రైసిస్‌ను తెచ్చిపెట్టగలదు. కార్టిసోల్ ముందు, థైరాయిడ్ తర్వాత. రక్తపింజర కాటు నుంచి బయటపడినవాళ్ళలోనూ కొందరికి పిట్యూటరీ ఇలాగే దెబ్బతింటుంది. వేరుశనగ చేలల్లో పనిచేసే మన రైతులకు, కూలీలకు ఈ సంగతి తెలియాలి. పాము కాటు తర్వాత నెలలు గడిచినా నీరసం పోకపోతే ఒకసారి హార్మోన్ పరీక్ష చేయించుకోండి.

అపోహ: పొంతన లేకుండా మాట్లాడితే అది గాలి, దిష్టి, లేదా మనసుకు సంబంధించిన సమస్య.

వాస్తవం: అడ్రినల్ లోపం ఉన్న మనిషి ఉన్నట్టుండి తేడాగా ప్రవర్తిస్తే, ఇంకో కారణం రుజువయ్యేదాకా దాన్ని క్రైసిస్‌గానే చూడాలి. మెదడుకు రక్తం, చక్కెర, ఉప్పు మూడూ ఒకేసారి తగ్గుతున్నాయి. తికమక రాక ఏమవుతుంది?

ఇది సినిమాల్లో చూపించినట్టు ధబేలున పడిపోవడంతో మొదలవదు. చాలా చిన్నగా మొదలవుతుంది. అడిగిన ప్రశ్నకు జవాబు ఆలస్యంగా వస్తుంది. "నాయనా, పొద్దున మాత్ర వేసుకున్నావా?" అని అడిగితే "వేసుకున్నా... వేసుకోవాల" అని రెండూ చెబుతారు. మాత్రల డబ్బా చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంటారు. ఫోన్‌లో పేరు వెతకలేరు. ఊరికే చిరాకుపడతారు, లేదంటే ఎప్పుడూ గలగలా మాట్లాడే మనిషి గోడవైపు తిరిగి పడుకుంటారు. దీనితోపాటు వాంతులు, కడుపునొప్పి, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, కాళ్ళు తేలిపోవడం ఉంటాయి. జ్వరం ఉండొచ్చు, లేకపోవచ్చు. అడ్రినల్ గ్రంథులే చెడిపోయినవాళ్ళలో అరచేతి గీతలు, చిగుళ్ళు నల్లబడి ఉంటాయి.

తాయెత్తు కట్టించుకునే ఇళ్ళను నేను తప్పుపట్టను. సూది పడ్డాక, ఆసుపత్రికి చేరాక మీ నమ్మకం ప్రకారం ఏదైనా చేసుకోండి. ముందు మాత్రం సూది. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే షుగర్ చూడండి. 70 కంటే తక్కువ ఉండి, మనిషి మింగగలిగితే చక్కెర నీళ్ళు ఇవ్వండి. మూతి వంకర పోయినా, ఒకవైపు చేయి, కాలు లాగేసినా అది పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అపోహ: "నాకేం కాలేదు, కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది" అని మనిషే చెబుతుంటే బలవంతం చేయకూడదు.

వాస్తవం: ఈ ఒక్క అపోహ పోతే మిగతావి పోకపోయినా ఫరవాలేదనిపిస్తుంది నాకు.

మామూలు రోజుల్లో రోగి మాటే చివరిమాట. తన ఒంటి సంగతి తనకే ఎక్కువ తెలుసు. ముఖ్యంగా ఏళ్ళ తరబడి ఈ జబ్బుతో బతుకుతున్నవాళ్ళకు ఎప్పుడు ఏ మాత్ర వేసుకోవాలో మాకంటే బాగా తెలుస్తుంది. అందుకే ఇంట్లోవాళ్ళు వాళ్ళ మాటకు అలవాటుపడి ఉంటారు. కానీ క్రైసిస్‌లో మాట్లాడేది కార్టిసోల్ అందని మెదడు. దానికి తన పరిస్థితిని అంచనా వేసే శక్తి తగ్గిపోయి ఉంటుంది. పైగా నీరసం అంత ఎక్కువగా ఉన్నప్పుడు కదలకుండా పడుకోవడమే హాయిగా అనిపిస్తుంది. పడుకుంటే సర్దుకోదు, ఆ నిద్ర మగతగా, మగత స్పృహ తప్పడంగా మారుతుంది.

కాబట్టి నిర్ణయం మనిషి బాగున్నప్పుడే జరిగిపోవాలి. నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబంతోనూ ఒక కాగితం రాయిస్తాను. రోగి తన చేత్తోనే రాసి సంతకం పెట్టాలి: "నేను రెండుసార్లు వాంతి చేసుకున్నా, పొంతన లేకుండా మాట్లాడినా, లేపితే సరిగా లేవకపోయినా నాకు సూది వేయండి. నేను వద్దన్నా వేయండి. 108కి ఫోన్ చేయండి." ఆ కాగితాన్ని బీరువాలో దాచకండి, ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. అది లేకపోతే ఏమవుతుందో నేను చాలాసార్లు విన్నాను. భార్యకు సూది వేయాలనే ఉంటుంది, "మళ్ళీ ఆయన కోప్పడతారేమో" అని ఆగిపోతుంది. కోప్పడితే ఆ కాగితం చూపించొచ్చు.

ఒంటరిగా ఉండేవాళ్ళ సంగతి ఇంకా కష్టం. పిల్లలు బెంగళూరులోనో చెన్నైలోనో ఉంటే తల్లిదండ్రులు ఇక్కడ ఇద్దరే, కొన్నిసార్లు ఒక్కరే ఉంటారు. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలూ ఉన్నారు. మొదటి వాంతి అయినప్పుడే, అంటే బుర్ర ఇంకా పనిచేస్తున్నప్పుడే, రెండు పనులు చేయాలి: ఎవరికైనా ఫోన్ చేసి విషయం చెప్పడం, తలుపు గడియ తీసి పెట్టడం. రోజూ ఒక వేళకు పలకరించుకునే అలవాటు పెట్టుకోండి. ఫోన్ ఎత్తకపోతే పక్కింటివాళ్ళు వెళ్ళి చూడాలి, వాళ్ళ దగ్గర ఒక తాళంచెవి ఉండాలి. రూమ్‌మేట్‌కు జబ్బు గురించి చెప్పడానికి పిల్లలు మొహమాటపడతారు. దయచేసి చెప్పండి.

అపోహ: అది క్రైసిస్ కాకపోతే? స్టెరాయిడ్ సూది అనవసరంగా వేస్తే ప్రమాదం కదా.

వాస్తవం: అనుమానం ఉంటే వేయడమే సరైనది. పెద్దవాళ్ళకు 100 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ ఒక్క డోసు అనవసరంగా పడినా చెప్పుకోదగ్గ హాని ఉండదు. షుగర్ ఉన్నవాళ్ళకు కాసేపు షుగర్ పెరుగుతుంది, అంతే. అవసరమైనప్పుడు పడకపోతే జరిగే నష్టానికి మాత్రం విరుగుడు లేదు. చాలా ఏళ్ళు స్టెరాయిడ్ వాడితే వచ్చే ఎముకల బలహీనత, ముఖం ఉబ్బడం వంటివి విని భయపడి ఈ ఒక్క సూదిని కూడా అదే గాటన కట్టేస్తారు.

మందు చిన్న సీసాలో పొడిగా వస్తుంది. 2 మి.లీ. స్టెరైల్ వాటర్ కలిపి, కరిగాక సిరంజిలోకి తీసి, తొడ మధ్యలో బయటివైపు కండలోకి నిటారుగా గుచ్చాలి. నరం వెతకాల్సిన పని లేదు, తొందరలో పలచటి బట్ట మీది నుంచి వేసినా ఫరవాలేదు. పిల్లలకు డోసు వేరు, అది ముందుగానే డాక్టర్‌తో రాయించుకోండి. చెక్‌అప్‌కు వచ్చినప్పుడు నర్సు దగ్గర ఒకసారి చేసి చూడండి. గడువు దాటిన సీసాను పారేసేముందు దానితో మందు కలపడం, సిరంజిలోకి తీయడం ఇంట్లో అభ్యాసం చేయండి, ఎవరికీ గుచ్చకుండా. చేతులు వణికే సమయంలో మొదటిసారి సీసా తెరవడం చాలా కష్టం.

మగతగా ఉన్నవాళ్ళ నోట్లో నీళ్ళు, మాత్ర ఏదీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. సూది పడ్డాక కాస్త తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

అపోహ: నీరసానికి కొబ్బరి నీళ్ళు, లేకపోతే రెండు బాటిళ్ళు గ్లూకోజ్ చాలు.

వాస్తవం: నీరసమనగానే కొబ్బరి బోండాం కొట్టించడం మనకు అలవాటు. అడ్రినల్ గ్రంథులే చెడిపోయినవాళ్ళకు క్రైసిస్‌లో అది పనికిరాదు. వాళ్ళలో సోడియం తగ్గి పొటాషియం పెరుగుతుంది. కొబ్బరి నీళ్ళలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. మెలకువగా ఉండి తాగగలిగితే ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్‌ఎస్ మేలు. అవీ దారిలో తాగడానికే, సూదికి బదులు కాదు. ఉత్త గ్లూకోజ్ నీళ్ళు ఎక్కిస్తే సోడియం ఇంకా పలచబడుతుంది. కావాల్సింది నార్మల్ సెలైన్, దాంతోపాటు హైడ్రోకార్టిసోన్. షుగర్ పడిపోతే గ్లూకోజ్ కూడా కలుపుతాం.

అపోహ: ఒక్కపొద్దు ఉన్నరోజు, కొండకు నడిచే రోజు మాత్ర మానేసినా ఏం కాదు.

వాస్తవం: ఈ మాత్ర శరీరంలో తయారవ్వాల్సిన హార్మోన్‌కు బదులు. ఒక్క పూట కూడా మానకూడదు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్ళు మాత్ర మాత్రం నీళ్ళతో వేసుకోండి, ఉపవాసం మీకు సరిపోతుందా లేదా అన్నది డాక్టర్‌ను అడగండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కడమంటే చెమటతో ఉప్పు పోతుంది, ఒంటికి శ్రమ కూడా. ఆ రోజు అదనంగా ఎంత వేసుకోవాలో ముందే తెలుసుకోండి. సూది కిట్‌ను లగేజీ కౌంటర్‌లో ఇచ్చే సంచిలో పెట్టకండి. మీరు మెట్ల మీద ఉంటే సంచి ఇంకో దారిలో కొండపైకి పోతుంది. ఎండలో నిలిపిన కారులో కూడా వదిలేయకండి. క్యూలో గంటలు పట్టొచ్చు కాబట్టి కిట్, ఆ రోజు మాత్రలు, జబ్బు పేరు రాసిన కార్డు ఒంటి మీదే ఉండాలి. పక్కన నడిచేవాళ్ళకు అది ఏ జేబులో ఉందో తెలియాలి.

జ్వరం వచ్చినప్పుడు సాధారణంగా పాటించే లెక్క ఇది: 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే హైడ్రోకార్టిసోన్ రోజువారీ డోసు రెట్టింపు, 102.2 దాటితే మూడు రెట్లు, తగ్గేదాకా. మాత్ర వేసుకున్న అరగంటలోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. అదీ నిలవకపోతే సూది. విరేచనాలు ఎక్కువగా అవుతున్నా మాత్ర ఒంటికి పట్టదని గుర్తుంచుకోండి. మీ డాక్టర్ మీకంటూ వేరే లెక్క రాసిచ్చి ఉంటే అదే పాటించండి.

అపోహ: ఆసుపత్రిలో ముందు పరీక్షలు, తర్వాతే వైద్యం.

వాస్తవం: రక్తం తీస్తారు, రిపోర్టు కోసం మాత్రం ఆగకూడదు. గేటు దగ్గరే "అడ్రినల్ లోపం ఉంది, హైడ్రోకార్టిసోన్ వెంటనే కావాలి" అని చెప్పి కార్డు చూపించండి. వాంతులు, నీరసం అని మాత్రమే చెబితే ఫుడ్ పాయిజనింగ్ అనుకునే అవకాశం ఉంది. ఇంట్లో సూది వేసి ఉంటే ఎన్ని గంటలకు వేశారో చెప్పండి. అక్కడ మొదటి డోసు తర్వాత రోజు మొత్తానికి మరో 200 మి.గ్రా. వరకు, మొదటి గంటలో లీటరు దాకా సెలైన్ ఎక్కించడం మామూలు పద్ధతి. గుండె, కిడ్నీ జబ్బులుంటే సెలైన్ తగ్గిస్తారు. మామూలుగా బీపీ ఎక్కువగా ఉండే మనిషికి బీపీలో పై అంకె 110 ఉన్నా తక్కువే కావచ్చు, కాబట్టి మామూలు రోజుల్లో బీపీ ఎంత ఉంటుందో కూడా చెప్పండి.

చాలామంది ఒకటి రెండు రోజుల్లో తేరుకుని ఇంటికి వస్తారు. క్రైసిస్ గంటల్లో జరిగింది వాళ్ళకు సరిగా గుర్తుండకపోవచ్చు. ఇంట్లోవాళ్ళు కూర్చోబెట్టి ఏ మాట తేడాగా వచ్చింది, ఎంతసేపటికి మగత వచ్చింది వివరంగా చెప్పండి. ఒక్కో మనిషిలో ఆ మొదటి తేడా ఒక్కోలా ఉంటుంది, దాన్ని ఫ్రిజ్ మీది కాగితంలో చేర్చండి. వాడేసిన సీసా బదులు కొత్తది అదే రోజు కొని కిట్‌లో పెట్టండి.